నల్ల అంటే మంచిదా, నలుపా?

తమిళం, తెలుగు అక్కచెల్లెళ్ళంటారు కదా, మరి వాళ్ళ ‘నల్ల’ అంటే మంచిది, మన ‘నల్ల’ అంటే నలుపు ఎలా అయ్యాయి? తమిళనాడు వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు చాలామంది అడిగే ప్రశ్నే ఇది. అక్కడ ‘నల్ల పయ్యన్’ అంటే మంచి కుర్రాడు, ఒంటి రంగు ఏదైనా సరే. ‘నల్లెణ్ణెయ్’ అంటే నువ్వుల నూనె. ‘నల్ల తణ్ణి’ అంటే తాగే నీళ్ళు. అన్నిటికన్నా వింత ‘నల్ల పాంబు’. అది నాగుపాము. కాటేసే జీవాన్ని తిట్టకుండా, మర్యాదగా ‘మంచి పాము’ అని పిలుచుకున్నారు. మనకేమో నల్లత్రాచు ఉంది, అది రంగును బట్టి వచ్చిన పేరు. హైదరాబాదువాళ్ళ ‘నల్లా నీళ్ళు’ మాత్రం ఈ తగువులోకి రావు. ఆ నల్లా హిందూస్తానీ ‘నల్’, అంటే గొట్టం.

పైకి చిన్న తికమకలా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నాలుగైదు వేల ఏళ్ళు వెనక్కి పోవాలి. అంత పాత కాలంలో మన భాషలవాళ్ళెవరూ ఏమీ రాసిపెట్టలేదు. అయినా అప్పటివాళ్ళు నలుపును ఏ మాటతో చెప్పేవారో, ఆ మాటకు వ్యాకరణం ఎలా ఉండేదో చాలావరకు తెలుసు. ఎలా తెలిసిందన్నదే ఈ అధ్యాయం.

కరిసల్ నేల మీద తెలుగు

ఈ రెండు ‘నల్ల’లూ ఒకే ఇంట్లో వినిపించే చోటొకటి ఉంది. మదురై నుంచి తిరునెల్వేలి వెళ్ళే దారిలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా వస్తాయి. దారికి రెండు పక్కలా నల్లమట్టి. తమిళంలో ఆ నేలను ‘కరిసల్’ అంటారు. ఎండాకాలంలో అది చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చుకుంటుంది. వాన పడితే ఉబ్బి, కాలికి బంకలా అంటుకుని వదలదు. ఆ మట్టిలోని బంకరేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుపోతాయి. పత్తికి పెట్టింది పేరు. కోవిల్‌పట్టిలో 1901 నుంచే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఈ ప్రాంతపు పాత దేశవాళీ పత్తిని ‘కరుంగణ్ణి’ అంటారు.

ఈ మట్టిని మనం నల్లరేగడి అంటాం. ఆంగ్లేయ శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు ‘రెగర్’, అది మన రేగడి నుంచి తీసుకున్నదే. తమిళ నేల మీద ఉన్న మట్టికి తెలుగు పేరు అంతర్జాతీయ గ్రంథాలకెక్కింది. కోవిల్‌పట్టి రైతుకు ఇదేమీ వింతగా తోచదు. విజయనగర రాజుల కాలం నుంచీ, ఆ తర్వాత పదహారో శతాబ్దంలో మదురై నాయకుల పాలన మొదలయ్యాకా తెలుగువాళ్ళు అలలు అలలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. కమ్మనాయుళ్ళు, రెడ్డియార్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతియార్లు ఇక్కడి ఊళ్ళలో ఉన్నారు. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం నిండా రాజులు. 1949లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువూ రాతా తమిళంలో. చాలామందికి తెలుగు లిపి రాదు.

కరిసల్ నేలను తమిళ సాహిత్యంలో నిలబెట్టిన కి. రాజనారాయణన్ కూడా ఇలాంటి ఇంట్లో పుట్టినవారే. ఊరు కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్. తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలస వచ్చి ఊరు కట్టుకున్న కథ ఆయన ‘గోపల్ల గ్రామం’. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన చేసిన ఇంకో పనికి అంత పేరు రాలేదుగానీ, మన విషయానికి అదే ముఖ్యం. కరిసల్ పల్లెల్లో జనం వాడే మాటలన్నీ ఏరి నిఘంటువు కూర్చారు. భాషా శాస్త్రవేత్తకు అలాంటి పుస్తకం బంగారు గని.

ఈ ఇళ్ళలో అమ్మ ‘నల్ల కుండ’ అంటే మసిపట్టిన కుండ. వీధి గుమ్మం దాటి ‘నల్ల కుడం’ అంటే చిల్లు లేని మంచి బిందె. పిల్లలు ఏ తికమకా పడకుండా రెండూ నేర్చుకుంటారు. తికమక మనదే.

ఒక ల, ఇంకో ళ

రెండు భాషల్లో రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు కావు. చుట్టరికం తేల్చడానికి పోలిక చాలదు, వరస కావాలి. అంటే ఒక భాషలో ఫలానా ధ్వని ఉన్నచోటల్లా రెండో భాషలో ఫలానా ధ్వని క్రమం తప్పకుండా కనిపించాలి. అలాంటి మాటల్ని ఇక్కడ ‘తోబుట్టు మాటలు’ అందాం.

తమిళంలో ‘కళ్ళు’ అంటే మన కల్లు. వాళ్ళ ‘ముళ్’ మన ముల్లు. ‘పళ్ళం’ మన పల్లం. ‘వెళ్ళం’ మన వెల్లువ. ‘వెళ్ళై’ మన వెల్ల, గోడకు వేసే వెల్ల అదే. తమిళంలో నాలుక మడిచి పలికే ళ ఉన్న ఈ మాటలన్నిటిలోనూ మన దగ్గర మామూలు ల్ల ఉంది. ఒకటి రెండయితే కాకతాళీయం అనుకోవచ్చు, వరసగా ఇన్ని ఉంటే నియమం. తెలుగు పుట్టి పెరిగే క్రమంలో ఎక్కడో ఈ ళ్ళ కాస్తా ల్ల అయింది.

ఇప్పుడు మన ‘నల్ల’ను అదే వరసలో పెట్టండి. తమిళంలో దానికి తోబుట్టువు ‘నళ్’ అయి ఉండాలి. ఉంది. పాత తమిళంలో ‘నళ్’ అంటే రాత్రి, చిక్కటి చీకటి. ఇవాళ్టికీ అర్ధరాత్రిని ‘నళ్ళిరవు’ అంటారు. మన నల్లకు అసలు చుట్టం చీకటి. వాళ్ళ ‘నల్ల’ వేరే ఇంటిది, మూలం ‘నల్’, అందులో మామూలు ల ఉంది. ఆ నల్ తెలుగులో పూర్తిగా చచ్చిపోలేదు. అందానికీ నేర్పుకూ ‘నలువు’ అనే మాట నిఘంటువుల్లో ఉంది. ఎవరూ వాడరు, అంతే.

అంటే మూలంలో రెండు వేర్వేరు మాటలున్నాయి, ఒకటి మంచికి, ఒకటి చీకటికి. తమిళం రెండు ధ్వనుల్నీ కాపాడుకుంది. తెలుగు కలిపేసింది. కలిపేశాక ఒకే రూపంలో రెండర్థాలు ఇమడక మంచి తప్పుకుంది, నలుపు నిలిచింది.

చుక్క పెట్టిన మాట

అయితే అంతకుముందు నలుపుకు ‘నళ్’ అనేవారా? ఇక్కడే కథ ఆసక్తిగా మారుతుంది. మామూలు నలుపుకు మూలభాషలో ఇంకో మాట ఉండేది. కరిసల్ అనే పేరులోనే అది దాగి ఉంది.

తమిళంలో ‘కరు’, ‘కరుప్పు’ అంటే నలుపు, ‘కరి’ అంటే బొగ్గు. మలయాళంలోనూ కరి బొగ్గే. కన్నడంలో ‘కరి’ అంటే నల్లని, మన నల్లపూసల్ని వాళ్ళు ‘కరిమణి’ అంటారు. పాత కన్నడంలో నలుపును ‘కర్పు’ అనేవారు, తర్వాత అది ‘కప్పు’ అయింది. పకారం ముందున్న రకారం అందులో కరిగిపోయింది. మన పాత పుస్తకాల్లోనూ నలుపుకు ‘కప్పు’ ఉంది. ఇక రోజూ వాడే మాటల్లో కారుచీకటి, కారుమబ్బు ఉన్నాయి. రైతు నోట కర్రి ఆవు ఉంది.

అన్నిటిలోనూ మొదట క, దాని వెనక అ లేదా ఆ, ఆ వెనక ర. అర్థం అన్నిచోట్లా నలుపే. ఈ సాక్ష్యాన్ని కలిపి భాషా శాస్త్రవేత్తలు మూలద్రావిడ భాషకు ‘*కరు’ అనే మాటను కట్టారు. ముందున్న చుక్క గుర్తు చూడండి. ఈ మాటను ఎవరూ ఎక్కడా రాయగా చూడలేదు, సాక్ష్యాల నుంచి కట్టాం అని ఆ చుక్క చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆగస్ట్ ష్లైఖర్ అనే జర్మన్ పండితుడు ఈ గుర్తును వాడుకలోకి తెచ్చాడు. ‘చుక్క మాట’ అని మనమూ పిలుచుకోవచ్చు. ఆ మూలభాష వయసు దాదాపు 4,500 ఏళ్ళని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది.

ఈ పనికి పునాది వేసినవాళ్ళు మన కథాస్థలానికి మరీ దూరంవాళ్ళు కారు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో దానికి రక్తసంబంధం ఉందని మొదట చూపించినవాడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆ వాదన చేశాడు. మూడేళ్ళకు రామనాథపురంలో చనిపోయాడు. నేటి విరుదునగర్ జిల్లా 1985లో ఆ రామనాథపురం జిల్లా నుంచి విడివడిందే. తర్వాతివాడు రాబర్ట్ కాల్డ్‌వెల్. 1841 నుంచి తిరునెల్వేలి జిల్లా ఇడైయన్‌గుడిలో మత ప్రచారకుడిగా ఉంటూ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువరించాడు. అప్పట్లో కోవిల్‌పట్టి కూడా ఆ జిల్లాలోదే. ఇక బరో, ఎమెనో 1961లో ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చారు. మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో రాసిన గ్రంథం ఇప్పటికీ ఈ రంగానికి పెద్ద బాలశిక్ష.

మరి తెలుగులో *కరు ఎందుకు మూలన పడింది? ‘నల్ల’ వచ్చి మామూలు వాడుకను ఆక్రమించింది. పాత మాట మాత్రం ఇంకో పేరుకు అతుక్కున్నచోట బతికిపోయింది. సినిమా హాలు కూలగొట్టి ఇరవై ఏళ్ళయినా బస్టాపుకు ఆ హాలు పేరే ఉంటుంది చూశారా, అలాగ. కారు అంటే ఏమిటని విడిగా అడిగితే రోడ్డు మీద పోయే కారు చూపిస్తాం. చీకటి పక్కన పెడితే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. తమిళం దీనికి తలకిందులు. అక్కడ కరుప్పు నడివీధిలో ఉంది, నళ్ అర్ధరాత్రిలో దాక్కుంది.

అతుకుల దగ్గర జాగ్రత్త అవసరం. కారుచీకటి పక్కనే కార్చిచ్చు ఉంది. అడవిని కాల్చి నల్లగా మసి చేసే మంట కాబట్టి ఇదీ నలుపే అనుకుంటే బోల్తా పడ్డట్టే. అది పాత రాతలో ‘కాఱుచిచ్చు’, బండి ఱ. కాఱు అంటే అడవి. ఏనుగును ‘కరి’ అనడమూ రంగును బట్టి కాదు. అది సంస్కృతం. కరం, అంటే తొండమనే చెయ్యి ఉన్నది కాబట్టి కరి. నల్లగా ఉన్నవన్నీ నలుపు మాటలోంచి రాలేదు. తమిళంలోనూ ‘కరు’ పక్కన, నల్లబడటమనే అర్థంతోనే, బండి ఱతో ‘కఱు’ ఉంది. మన కర్రి ఆవును ఆ రెండు దొడ్ల మధ్య లాగకుండా, లెక్కను కారు మీద, కప్పు మీద నిలబెట్టడమే మేలు.

లింగం లేదు, వచనం లేదు

ఇక ఆ చుక్క మాటకు వ్యాకరణం. నల్ల ఎద్దు, నల్ల ఆవు, నల్ల ఎడ్లు, నల్ల ఎడ్లతో. వెనక పేరు ఎన్ని వేషాలు మార్చినా ముందున్న విశేషణం మారదు. తమిళంలోనూ అంతే, కన్నడంలోనూ అంతే. చుట్టాలన్నిటిలోనూ ఒకే పద్ధతి ఉంటే అది పెద్దల నుంచి వచ్చిందనే అర్థం. కాబట్టి *కరుకు లింగ, వచన, విభక్తులు ఉండేవి కావు. పేరుకు ముందు నిలబడటం తప్ప వేరే పని ఉండేది కాదు.

ఇలాంటివి మూలభాషలో కొన్నే ఉండేవి. చిన్నదానికి *కిఱు, ఎరుపుకు *కెం, పెద్దదానికి *పెరు, మంచికి *నల్. వీటి బిడ్డలు మన నోట్లోనే ఉన్నారు. చిరునవ్వును కన్నడంలో ‘కిరునగె’ అంటారు, తమిళంలో ‘సిరునగై’. చెంగల్వలో చెం, పేరోలగంలో పేరు. కన్నడంలో క ఉన్నచోట మనకు చ వచ్చింది చూడండి. కివి మన చెవి, కిరు మన చిరు. వెనక ఇ, ఎ వస్తే వాటి కోసం నాలుక ముందుకు జరుగుతుంది. క కూడా ఆ లాగుడుకు ముందుకు జారి అంగిలి దగ్గర చ అవుతుంది. ‘అంగిలి మార్పు’ అందాం దీన్ని. కెంపు, కెందామరల్లో క నిలిచే ఉంది. వాటిలో కన్నడ వాసన ఉంది. *కరులో క వెనక అ ఉంది కాబట్టి ఈ మార్పు తగల్లేదు, నాలుగు భాషల్లోనూ క క్షేమం.

పొట్టి పొడుగుల సంగతి ఇంకోటి. తమిళంలో పెద్ద నగరం ‘పెరునగర్’, పెద్ద రాజ్యం ‘పేరరసు’. హల్లు ముందు పొట్టి పెరు, అచ్చు ముందు పొడుగు పేర్. మన పేరోలగంలోనూ ఓలగం ముందు అదే పొడుగు. *కరుకూ ఈ రెండు రూపాలుండేవి. తమిళంలో ‘కరుముగిల్’ అంటే నల్లమబ్బు, ‘కారిరుళ్’ అంటే కారుచీకటి. కాలక్రమాన ఈ కట్టుబాటు సడలింది. మన కారు హల్లు ముందు కూడా పొడుగ్గానే కూర్చుంది.

విశేషణం ఒంటరిగా వాక్యాన్ని ముగించలేదు కూడా. ‘ఆ ఆవు నల్ల’ అనం, ‘నల్లది’ అంటాం. మనిషైతే నల్లవాడు. నేను మంచివాణ్ణి, నువ్వు మంచివాడివి. విశేషణానికి సర్వనామం తగిలిస్తేనే పేరవుతుంది, ఆ పేరు ఎవరి గురించో కూడా చెబుతుంది. ఇదంతా చూసి కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల్లో అసలు విశేషణాలంటూ లేవు, గుణాన్ని చెప్పే నామాలూ క్రియల ముక్కలే ఆ పని చేస్తున్నాయన్న వైపు మొగ్గాడు. తమిళంలో నల్లని అనడానికి ‘కరుత్త’ కూడా అంటారు, అది ‘నల్లబడిన’ అనే క్రియారూపం. అయినా కృష్ణమూర్తి వైపే నేను మొగ్గుతాను. కొద్దివే అయినా, పేరు ముందు తప్ప నిలబడలేని ఆ పొట్టి మాటలు ఒక జాతే.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను కుంఫిణీవాళ్ళు 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. ఆ వంశం తెలుగుది. మూలపురుషుడి పేరు ‘గెట్టి బొమ్ము’ అని చెబుతారు. గట్టి బొమ్మన్నమాట. తమిళ లిపిలో కకారానికీ గకారానికీ ఒకే అక్షరం కాబట్టి కట్టబొమ్మన్ అయింది. విశేషణం పేరు ముందు నిలబడి, ఏ ప్రత్యయమూ లేకుండా పేరులో కలిసిపోయింది.

ఉక్రెయిన్ నల్లమట్టి

ఇదే పని ఇంకో కుటుంబంలో ఎలా జరిగిందో చూస్తే మన పద్ధతి మీద నమ్మకం పెరుగుతుంది. ఉక్రెయిన్‌లో, దక్షిణ రష్యాలో మైళ్ళ కొద్దీ నల్లమట్టి నేల ఉంది. పేరు ‘చెర్నోజెమ్’. చెర్నో అంటే నల్ల, జెమ్ అంటే నేల. 1883లో వసీలీ దొకుచాయెవ్ ఆ మట్టి మీద రాసిన గ్రంథంతోనే ఆధునిక మృత్తికాశాస్త్రం మొదలైందంటారు. అది నల్లబడింది కుళ్ళిన గడ్డివేళ్ళ వల్ల. కరిసల్‌లో ఆ ఎరువు తక్కువ, బంకమట్టి ఎక్కువ.

రష్యన్‌లో నల్లదాన్ని చోర్నీ అంటారు, పోలిష్‌లో చార్నీ, చెక్‌లో చెర్నీ, సెర్బియన్‌లో త్సర్న్. తొమ్మిదో శతాబ్దం దాకా స్లావులకు లిపి లేదు. ఈ తోబుట్టు మాటల్ని పోల్చి పండితులు కట్టిన చుక్క మాట సుమారుగా ‘*చిర్ను’. అందులో ఇ, ఉలు రెండూ రెప్పపాటు అచ్చులు. అంతకు వెనక దానికి మొదట్లో క ఉండేది. ఎప్పుడో అంతరించిపోయిన పాత ప్రష్యన్ భాషలో అదే మాట ‘కిర్స్న’ రూపంలో దొరికింది. సంస్కృతంలో అది ‘కృష్ణ’. నల్లనివాడు కృష్ణుడి పేరూ చెర్నోజెమ్‌లో చెర్నో ఒకే తల్లి బిడ్డలు. క కాస్తా చ అయింది ఇ పక్కన ఉండటం వల్లే, కిఱు చిరు అయినట్టు. సంబంధం లేని రెండు కుటుంబాల్లో ఒకే అంగిలి మార్పు. మనుషుల నోళ్ళన్నీ ఒకే తీరున ఉన్నాయి మరి.

వ్యాకరణంలో మాత్రం దారులు వేరు. సంస్కృతంలో కృష్ణః, కృష్ణా, కృష్ణమ్ అని లింగాన్ని బట్టి మారినట్టే స్లావు విశేషణమూ పేరు వెంట రూపాలు మారుస్తుంది. దానికి తోడు పాత స్లావులు ఇంకో పని చేశారు. ‘ఫలానా ఆ నల్లది’ అని తేల్చి చెప్పాలంటే *చిర్ను చివర ‘యి’ అనే సర్వనామం తగిలించారు. రష్యన్ చోర్నీలో చివరి ఈ అదే, మాటలో పూర్తిగా కరిగిపోయింది. మనమూ నల్ల చివర సర్వనామమే తగిలించాం, వాడు, ది అని. మనది కరగలేదు, అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. సెర్బియన్‌లో మాత్రం ఏదో ఒక నల్లది ‘త్సర్న్’, ఫలానా ఆ నల్లది ‘త్సర్ని’ అనే తేడా ఇంకా బతికే ఉంది.

చుక్క మాటలు కట్టడానికి ముడిసరుకు నిఘంటువుల్లో కన్నా దొడ్లలో, చేలల్లో ఎక్కువ దొరుకుతుంది. మీ ఊళ్ళో పశువుల రంగులకు కర్రి, పుల్ల, మైల, బొల్లి అనేవాళ్ళు ఇంకా ఉంటే, మట్టికీ మబ్బుకీ చీకటికీ వాళ్ళు వాడే మాటల్ని విన్నవి విన్నట్టు, ఉచ్చారణతో సహా, ఊరి పేరుతో రాసిపెట్టండి. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు మీకు చుట్టాలుంటే వాళ్ళింటి పెద్దవాళ్ళను ముందు అడగండి. తమిళనాడు బడుల్లో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, అక్కడి తెలుగు ఇప్పుడు ఎక్కువగా ఇంటి మాటల మీదే నిలబడి ఉంది.